ఇల్లు వచ్చే పేజీలు

మంచి దెయ్యాల నవలలు నాలుగు చెప్పండి మేడమ్ అని మా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు ఆ పుస్తకాల పిచ్చి ఉండేదని ఎవరో వాళ్ళ చెవిన వేస్తారు. నిజమే, ఉండేది. ఏ బంగళా మేడమీద ఎవరు తిరుగుతున్నారో, ఏ నూతిలో ఎవరు పడి చచ్చారో, ఏ గది తాళం ఎందుకు తియ్యకూడదో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగితే ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను. ఆ పుస్తకాల సంగతి ఎత్తకుండా మా అక్క సంగతి మాట్లాడటం నాకు చేతకాదు.

ఏలూరులో మా వీధి చివర, సైకిల్ షాపు పక్కన ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. రెండువేల సంవత్సరం వచ్చేసరికి దాన్ని షాపు అనడం కూడా గొప్పే. టీవీ సీరియల్స్ వచ్చి జనం పుస్తకాలు మానేశారు, కొత్తవి కొనడం ఓనరూ మానేశాడు. ఉన్నవాటికి అట్టలు ఊడి, బైండింగు దారాలు బయటికొచ్చి, తిరగేస్తే వేళ్ళకి దుమ్ము అంటేది. దెయ్యాల నవలలు మాత్రం వెనక అరలో విడిగా పెట్టేవాడు. వాటిల్లో ముందు చదివినవాళ్ళు మార్జిన్లలో పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసేవాళ్ళు. ‘అమ్మో’ అని ఒకరు, ‘ఈ పేజీ పగలు చదవండి’ అని ఒకరు, ‘నా వల్ల కాలేదు, మీరూ మానెయ్యండి’ అని ఇంకొకరు. కథకంటే ఆ రాతలకే నాకు ఎక్కువ భయం వేసేది. ఒక నవల మొదటి పేజీలోనే ‘చిన్నకూతురే దెయ్యం’ అని రాసిపారేశాడో మహానుభావుడు. వాడి చేతులు పడిపోను అని అక్క నెలరోజులు తిట్టింది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అమ్మా నాన్నా ఏడాది తేడాతో పోయాక నాకు దిక్కు తనే. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప మీద పడుకుని తను పైకి చదివేది, నేను వినేదాన్ని. దెయ్యం వచ్చే చోట గొంతు తగ్గించేది. అంతవరకూ బాగానే ఉండేది గానీ, సరిగ్గా అక్కడే పుస్తకం మూసి, కాసిని మంచినీళ్ళు తాగొస్తానుండు అని లేచిపోయేది. కావాలనే. ఆ మంచినీళ్ళు ఎంతకీ తాగడం అయ్యేది కాదు.

నాకు ఒళ్ళు జలదరించేవి ఇష్టం, కానీ మాంత్రికుడు వచ్చి నిమ్మకాయలు కోసే రకం కాదు. ముగ్గు వేసి పుర్రె పెట్టగానే నాకు నవ్వొచ్చేది. నాకు నచ్చినవాటిల్లో ఒక నవల ఉంది, అందులో కొత్తగా వచ్చిన తాసిల్దారు పాత బంగళాలో దిగుతాడు. అక్కడి వంటవాడు భోజనాల వేళ ఎప్పుడూ ఒక విస్తరి ఎక్కువ వేస్తాడు. ఎవరికయ్యా అంటే, వేసే అలవాటండీ అంటాడు. అంతే. చివరిదాకా ఎవరూ కనిపించరు, ఆ విస్తట్లో అన్నం మాత్రం తరిగిపోతుంటుంది. ఇంకోటి వారపత్రికలో వచ్చిన చిన్న కథ. పాత మండువా ఇంట్లో అద్దెకి దిగిన దంపతులకి, పొయ్యి వెలిగించకుండానే రోజూ ఒకే వేళకి ఇంగువ పోపు వాసన వస్తుంది. అది చదివాక చాన్నాళ్ళు, అక్క పోపు పెడుతుంటే నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఎవరైనా అడిగితే ఈ రెండూ చెబుతాను. ఇంకేం చెప్పను.

అక్కకి ప్రాణం వేరే నవల. గోదావరి ఒడ్డున ఒక పెద్ద ఇల్లు. ఎనిమిది స్తంభాల హాలు, టేకు మెట్లు, ఇత్తడి గొలుసుల ఉయ్యాలబల్ల, వెనక వసారాలో తిరగలి, నదివైపు వరసగా కిటికీలు. ఆ ఇంటి పెద్దకోడలు ఎప్పుడో చచ్చిపోయింది. వాన వస్తే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే ఆ కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటాయి. ఆవిడ పనే అది, జల్లు లోపలికి రానివ్వదు. అంతకుమించి ఎవరికీ ఏ హానీ చెయ్యదు. ఇదేం దెయ్యమే, పనిమనిషిలా ఉంది అని నేను వెక్కిరించేదాన్ని. అక్క నవ్వేది కాదు. తనకి కావలసింది దెయ్యం కాదు, ఆ ఇల్లు. మేం పుట్టి పెరిగిందంతా అద్దె వాటాల్లో. జూట్ మిల్లు జీతం మీద నాన్న మార్చిన ఇళ్ళు ఎన్నో నాకు గుర్తే లేదు. పుస్తకాల షాపు ఎత్తేస్తూ మిగిలినవి అమ్మేస్తుంటే అక్క ఆ ఒక్క నవలే కొనుక్కుంది.

పెళ్ళయి అక్క కొల్లేటికోట వెళ్ళింది. బావది పెద్ద ఆస్తేమీ కాదు. నలుగురితో కలిసి చేసే చేపల చెరువులో వాటా, రెండు గదుల సొంత ఇల్లు. సొంతం అన్న మాట అక్క నోట్లో ఊరికే నానుతుండేది. నేను సెలవులకి వెళితే గోడలు చూపించేది. ఎక్కడపడితే అక్కడ మేకులు కొట్టించింది, వాటికి తగిలించడానికి ఏమీ లేకపోయినా. అడిగేవాడు లేడు చూడు అనేది. అద్దె ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది ఆ మేకు విలువ. చుట్టుపక్కలవాళ్ళు చీకటిపడ్డాక సరస్సు మీద కొరివి దెయ్యాలు కదులుతాయని చెబితే, వీళ్ళకి కథ చెప్పడం రాదే, ఎంత కొరివి దెయ్యమైనా దానికో ఇల్లంటూ ఉండొద్దా అని నా దగ్గర విసుక్కునేది. పిల్లలు లేరన్న దిగులు ఉండేది గానీ, ఆ ఇంట్లో అక్క సుఖపడింది. అది నేను కళ్ళారా చూశాను.

తర్వాత సరస్సులో చెరువులు ఉండకూడదని సర్కారువాళ్ళ పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. తప్పో ఒప్పో తెలిసినవాళ్ళు చెప్పాలి. నాకు తెలిసింది బావ చెరువు పోవడం, దాని మీద చేసిన అప్పుల కింద ఇల్లు పోవడం. వాళ్ళు తాడేపల్లిగూడెం వచ్చి పడ్డారు. బావ ఒక రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరాడు. స్టేషనుకి దగ్గర్లో ఒక ఇంట్లో వెనక వాటా తీసుకున్నారు. ముందు వాటాలో ఇంటావిడ ఉండేది. మంచి మనిషి. చెడ్డదని అనగలిగితే నా ప్రాణానికి ఎంత తేలికగా ఉండేదో. మజ్జిగ చిలికితే అక్కకో చెంబు పంపేది, మాగాయ పెడితే ఓ జాడీ అక్కకని పక్కన పెట్టేది. అక్క ఆవిడని పిన్నిగారూ అని పిలిచేది.

మరుసటి ఏడాది ఎండాకాలంలో అక్క కడుపు పట్టుకుని కూలబడింది. ఏలూరులో పరీక్షలు చేస్తే కాన్సర్ అన్నారు, అప్పటికే లివర్ దాకా పాకిందన్నారు. కొన్నాళ్ళు మందులు వాడాక, ఇక చెయ్యగలిగింది ఏమీ లేదండీ, ఇంటికి తీసుకెళ్ళి సుఖంగా ఉంచండి అని డాక్టరు గారు ఎంతో మర్యాదగా చెప్పారు. మేమూ అంతే మర్యాదగా తలూపి బయటికొచ్చాం. ఇంటికి అనేశాడాయన. ఏ ఇంటికి అని ఆయన్నెవరు అడుగుతారు.

గూడెంలో ఆటో దిగేసరికి ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. అక్కని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. సాయంత్రం బావనీ నన్నూ ముందు వాటాలోకి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అప్పుడు చెప్పింది.

మా వైపు ఇది కొత్తేం కాదు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి. గుమ్మానికి ముళ్ళకంప అడ్డంపెట్టి, పొయ్యి వెలిగించకుండా, దీపం పెట్టకుండా అందరూ వదిలి వెళ్ళిపోవాలి. పోయినవాళ్ళు ఆ ఇంట్లోనే తిరుగుతుంటారని భయం. సొంత ఇల్లయితే సొంతవాళ్ళే పాడుపెట్టుకుంటారు. అద్దెకున్నవాళ్ళ సంగతి వేరు. ప్రాణం మీదికొచ్చిందని తెలియగానే మనిషిని బయటికి తీసుకుపొమ్మంటారు ఓనర్లు. తిట్టి కాదు, బతిమాలి. ఈవిడా బతిమాలింది. కూతురు పురిటికొచ్చి ఉంది, నెలలు నిండుతున్నాయి. రేపు ఏదైనా జరిగి ఇల్లంతా మూసెయ్యాల్సొస్తే పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ పట్టుకుని నేనెక్కడికి పోనమ్మా అని అడిగింది.

ఆ కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడే నాకొకటి తట్టింది. నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ దెయ్యాలు ఇంటివాళ్ళే. జమీందారు, జమీందారు భార్య, పెద్దకోడలు, చిన్నకూతురు. అద్దెకొచ్చినవాళ్ళు ఉన్నది భయపడటానికి, మూటాముల్లె సర్దుకుని పారిపోవడానికి. ఒక్క పుస్తకంలోనైనా అద్దెకున్న మనిషి చచ్చి ఆ ఇంట్లో తిరిగినట్టు లేదు. తిరగాలంటే ముందు ఆ ఇంట్లో చావనివ్వాలి కదా. ఛీ, ఏం బతుకో అనుకున్నాను. ఏం చావో అని కూడా అనుకోవాల్సింది.

ఇక వెతకడం మొదలుపెట్టాం. నేనుండేది ఏలూరులో మేడమీద ఒక గది. మా ఓనరు గారికి సంగతి ఎలా చేరిందో, నేను అడక్కముందే, మన మెట్లు ఇరుకండీ, మనిషిని దించడం కష్టం అన్నాడు. ఎక్కించడం కాదు, దించడం. కొల్లేటికోటలో బావ అన్నగారు ఫోను ఎత్తడం మానేశారు. చివరికి మా స్కూల్లో సైన్సు చెప్పే పెద్దావిడ నా మొహం చూసి అడిగి సంగతి కనుక్కుంది. ఆవిడ చర్చి వీధిలో సొంత ఇంట్లో ఒక్కతే ఉండేది. మాకు నక్షత్రాల పట్టింపు లేదండీ, ముందుగది ఖాళీ చేయిస్తాను, తీసుకొచ్చెయ్యండి అంది. నేను అక్కడే, స్టాఫ్ రూములోనే, పిల్లల పరీక్ష పేపర్ల మీద తల పెట్టి ఏడ్చేశాను.

పరుగున గూడెం వెళ్ళి చెప్పాను. అక్క వెంటనే సరే అంది. తనకి కావలసింది గది, అది ఎవరిదైతేనేం. బావ మాత్రం తల వంచుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు, నేనూ వెనకే వెళ్ళాను. అప్పుడు నోరు విప్పాడు.

“అక్కడ పోతే పదకొండో రోజు భోజనాలు ఎక్కడ పెట్టాలి? ఆ ఇంటి ముందు బంతి వేస్తే మావాళ్ళు విస్తట్లో చెయ్యి పెడతారా? రేపు వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?”

ఎవరు ఆ వాళ్ళు? ఫోనైనా ఎత్తని వాళ్ళు. మనిషి ఇంకా బతికే ఉంది, వీళ్ళు తినే భోజనాల గురించి ఇతని దిగులు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. బావ ఎదురు చెప్పలేదు, తన మాట మీద నించి కదల్లేదు కూడా. అతనికి అక్క అంటే ప్రేమ లేదంటే అబద్ధమవుతుంది. ఆ నెలంతా అక్క బట్టలు ఉతికింది, ఒళ్ళు తుడిచింది, వాంతులు ఎత్తిపోసింది అతనే. అలాంటివాడు కూడా ఒక బంతి భోజనాల కోసం ఆ గది కాలదన్నాడు. నా జన్మలో నేను అర్థం చేసుకోలేకపోయిన సంగతుల్లో అదొకటి.

ఇదంతా అక్కకి వినపడుతూనే ఉంది, మధ్య గోడ మందం ఎంత గనక. ఆ మధ్యాహ్నమే ఇంటావిడని పిలవమంది. ఆవిడ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. అక్క లేచి కూర్చోవాలని చూసింది, చాతకాలేదు. పడుకునే రెండు చేతులూ జోడించింది.

“పిన్నిగారూ, నాకు దెయ్యాల సంగతులన్నీ తెలుసండీ. చిన్నప్పట్నించీ అవే చదివాను. ఎందుకొస్తారో తెలుసు, ఎలా వస్తారో తెలుసు. నేను రానండీ. మీ అమ్మాయి జోలికి గానీ పుట్టే బిడ్డ జోలికి గానీ రాను. ఎక్కడికీ రాను, ఎవరి దగ్గరికీ రాను. ఒట్టు. నన్ను ఈ గదిలోనే ఉండనివ్వండి.”

ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఆ నక్షత్రం మన చేతుల్లో లేదు కదా తల్లీ.”

అక్క చేతులు దించేసి, సరేనండీ అంది. నేను ఇప్పటికీ మరిచిపోలేనిది ఆ ‘అండీ’నే. చావబోతూ కూడా ఆవిణ్ణి నొప్పించకుండా మాట్లాడింది.

పక్కనున్న ఖాళీ స్థలంలో ప్రహరీ గోడకి ఆనించి, నాలుగు వెదురు గుంజలు పాతి టార్పాలిన్ పట్టా కప్పి అక్కని దాని కిందికి మార్చారు. ఆ గుంజలూ పట్టా ఇంటావిడే తెప్పించింది. నవారు మంచం ఇచ్చింది, పరుపు ఇచ్చింది, మేం కూర్చోడానికి కుర్చీలు ఇచ్చింది, పొద్దున్నా సాయంత్రం కాఫీ పంపింది. ఇల్లు తప్ప అన్నీ ఇచ్చింది. వీధిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మనిషి పోకముందే పందిరి పడితే ఎవరికైనా చూడాలనే ఉంటుంది. స్కూలు పిల్లలు అక్కడికి రాగానే చేతులు పట్టుకుని పరిగెత్తి దాటేవాళ్ళు. వాళ్ళు జడుసుకున్నది మా అక్కని చూసి. ఊపిరి పీలుస్తూ, దాహం అడుగుతూ ఉన్న మనిషిని చూసి.

వానలు మొదలయ్యాయి. పట్టా మీద చప్పుడుకి మాట వినపడేది కాదు. అంచుల్లోంచి జల్లు కొట్టి దుప్పటి తడిసిపోయేది. బావా నేనూ మంచాన్ని అటు జరిపి ఇటు జరిపి, ఎటు జరిపినా తడిసేదే. ఒకరోజు మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చాక అక్క ఆ నవల తెమ్మంది. తెచ్చి, ఎప్పటిలాగే పెద్దకోడలు కిటికీలు మూసే చోటు తీశాను. అక్క తల అడ్డంగా ఊపింది.

“దెయ్యం వచ్చే పేజీలు వదిలెయ్యవే. ఇల్లు వచ్చే పేజీలు చదువు.”

అవే చదివాను. స్తంభాల హాలు చదివాను, మెట్లు చదివాను, వసారా చదివాను. అక్క కళ్ళు మూసుకుని వింది. మధ్యలో ఒకసారి, మెట్లు హాల్లోంచేనా అని అడిగింది. అవునన్నాను. ఆ పుస్తకంలో ఇల్లు వచ్చే పేజీలు చాలా తక్కువని నాకు అప్పుడే తెలిసింది. రాసినాయనకి తొందర, దెయ్యాన్ని దింపాలి కదా. అయిపోతే మళ్ళీ మొదటినించీ చదివాను. ఆ తర్వాత లేనివి కలపడం మొదలుపెట్టాను. ఒక దేవుడి గది కలిపాను, ఒక కొట్టుగది కలిపాను, తూర్పువైపు ఇంకో గది కలిపి అందులో ఒక పందిరిమంచం వేశాను. అక్కకి తెలుసు అవి పుస్తకంలో లేవని, తను ఎన్నిసార్లు చదివిన పుస్తకం అది. ఆ గదికి ఏం రంగు వేశారు అని మాత్రం అడిగింది. లేత ఆకుపచ్చ అన్నాను. బాగుంటుంది అంది. వాన పడని వేళల్లా అదే పని మాకు.

ఒక పొద్దున్న నేను కాఫీ గ్లాసులు తిరిగి ఇవ్వడానికి ముందు వాటా గుమ్మం దాకా వెళ్ళాను. వచ్చేసరికి బావ మంచం పక్కన తడి నేల మీద కూర్చుని ఉన్నాడు. అక్క చెయ్యి అతని చేతిలో ఉంది. నేను వంగి అక్క కళ్ళు మూశాను.

పంతులు గారు వచ్చి పంచాంగం తీశారు. వేళ అడిగారు, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నారు. మంచి నక్షత్రమేనండీ, తిథి కూడా మంచిదే, దోషం ఏమీ లేదు, ఇంట్లో పోయినా పాడుపెట్టే పని ఉండేది కాదు అన్నారు. అక్కడున్నవాళ్ళంతా పుణ్యాత్మురాలు అన్నారు. వాళ్ళు నిజంగానే సంతోషించారు. ఇంటావిడ ఆ మాట విని ప్రహరీ గోడకి తల కొట్టుకుంది. నా ఇంట్లోనే పోనిచ్చేదాన్ని కదే తల్లీ అని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు అది. అయితే మాత్రం నేనేం చేసుకోను దాన్ని. పట్టా మీద నిలిచిన వాననీళ్ళు అక్క కాళ్ళ మీద పడతాయని ఎవరో కర్రతో పైకి పొడిచి పక్కకి తోశారు.

బావ వాటా ఖాళీ చేసి పెదపాడు వైపు ఎవరి చెరువు మీదో కాపలాకి కుదిరాడు. ఇంటావిడ కూతురికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి తప్పకుండా రావాలని ఆవిడ నాకు ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసింది. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. వెనక వాటాకి సున్నం వేయించి బాలింతని అందులో ఉంచారు. అక్క మంచం ఉన్న చోట ఉయ్యాల కట్టారు. ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

“ఒక్కరోజు కూడా పిల్ల ఉలిక్కిపడలేదమ్మా. ఏ అలికిడీ లేదు. మీ అక్క మాట నిలబెట్టుకుంది.”

ఆవిడ మెచ్చుకుంటోంది. ఆవిడ గొంతు పిసికెయ్యాలనిపించింది నాకు. అక్క మీద కూడా కోపం వచ్చింది. అంత మర్యాద ఎందుకే నీకు, చచ్చాక కూడా ఓనర్లకి ఇబ్బంది కలగకూడదా అనుకున్నాను.

భోజనాలకి పిలుపులు మొదలయ్యాయి. పిల్లని నేను చూస్తాను, మీరు వెళ్ళి తినండి అని బాలింతని పంపి ఆ గదిలో ఉండిపోయాను. పిల్ల నిద్రపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. అక్క తల పెట్టుకునే వైపు గోడ దగ్గరికి వెళ్ళి, మెల్లగా అన్నాను.

“నువ్వు ఒట్టేసింది ఆవిడకి కదే. నాకు కాదు కదా. నా దగ్గరికి రావే అక్కా. ఏలూరు వచ్చెయ్. నేను భయపడను.”

చాలాసేపు నిలబడ్డాను. అన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఏదో ఒకటి జరగాలని నాకు తెలుసు. ఏమీ జరగలేదు. ఎవరి దగ్గరికీ రాను అంది కదా, ఆ ఎవరిలో నేనూ ఉన్నాను. ఇంటావిడ వచ్చి, వడ్డించేశారు రామ్మా అంటే వెళ్ళి కూర్చుని, పెట్టినవన్నీ తిన్నాను.